మూడు వందల యూనిట్ల లోపు మౌలాలీ

మౌలాలీ రోజుకు ఎంత ఊపిరి పీల్చాడో మాచర్లలో లెక్కగా చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. తొమ్మిది యూనిట్లు. నేను డాక్టర్ని కాను. ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చూసి బిల్లు కొట్టే కాంట్రాక్టు మనిషిని. పేరు ఫణి.

మౌలాలీ ఇరవై రెండేళ్ళు నాపరాళ్ళ ఫ్యాక్టరీల్లో కటింగ్ మిషన్ మీద పనిచేశాడు. రాయిని వేలితో తట్టి లోపల పగులుందో లేదో చెప్పేవాడు. కొత్త లోడు దిగితే ఓనర్లు అతని కోసం మనిషిని పంపేవాళ్ళు. చెయ్యి అంత గొప్పది. మూతికి మాత్రం పాత తువ్వాలే కట్టుకునేవాడు, అదీ గుర్తుంటే. నలభై ఆరో ఏట మొదలైన దగ్గు ఇక ఆగలేదు. నరసరావుపేట డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము గట్టిపడిందనీ, దానికి మందు లేదనీ, ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకుని పగలూ రాత్రీ ముక్కుకు గొట్టం ఉంచుకోవాలనీ చెప్పాడు. కరోనా పోయాక ఎవరో మూలపడేసిన మిషన్ని మసీదు కమిటీవాళ్ళు ఇప్పించారు. పాతది కావడంతో కరెంటు మాత్రం బాగా తాగేది.

మౌలాలీకి జబ్బు పింఛను వచ్చేది. భార్య జీనత్ మిరపకాయల తొడాలు తీసే పనికి పోయేది. ఆమె కూలి తిండికి, పింఛను మిషన్ తాగే కరెంటుకు. ఇద్దరు మనుషులు, ఒక మిషను, నడిచిపోయేది.

అయితే ఒక రూలుంది. ఆరు నెలల సగటున నెలకు మూడు వందల యూనిట్లు దాటి కరెంటు వాడే ఇంటికి పింఛను ఉండదు. అంత కాల్చేవాడు ఉన్నవాడై ఉంటాడని లెక్క. ఏసీలు పెట్టుకున్నవాళ్ళను ఏరెయ్యడానికి పెట్టిన రూలది, నేను కాదనను. కాని రాసినవాడికి గాలి కూడా కొనుక్కోవాల్సిన ఇల్లు ఒకటి ఉంటుందని తట్టలేదు. మిషన్‌కు వేరే మీటరు పెట్టుకుందామంటే ఒకే ఆధార్ మీద ఉన్న మీటర్లన్నీ కలిపి లెక్కేస్తారు.

వాళ్ళు ఫ్రిజ్ అమ్మేశారు. టీవీ పక్కింటికి ఇచ్చేశారు. మిషన్ నెలకు రెండు వందల డెబ్బై తింటే, ఇల్లు పాతికలో బతికింది. నెలనెలా నాలుగో తారీఖున నేను వెళ్ళేసరికి మౌలాలీ పొడవాటి గొట్టంతో గడప దాకా వచ్చి కూర్చునేవాడు. జీనత్ టీ ఇచ్చేది. రెండు వందల తొంభై రెండు, తొంభై ఎనిమిది, తొంభై ఐదు. నేను అంకె చదవగానే పరీక్ష పాసైన పిల్లాడిలా నవ్వేవాడు.

"మా ఇంట్లో ఏసీ ఉందనుకుంటన్నారు తమ్ముడూ గవర్నమెంటోళ్ళు," అనేవాడు. ఆ ఒక్క మాటకు రెండుసార్లు ఆగాల్సి వచ్చేది.

ఆ ఏడు శివరాత్రి నెల మొదట్లో పడింది. మా అమ్మవాళ్ళ ఊరు ఏటా కోటప్పకొండకు ప్రభ కడుతుంది. వెదుళ్ళతో తొంభై అడుగుల ఎత్తు లేపే ఆ ప్రభకు బల్బుల సీరీస్ కట్టడం నా పని. నేను లేకపోతే ప్రభ వెలగదని ఊళ్ళో నాకో పేరు, ఆ పేరంటే నాకు చచ్చేంత మోజు. రీడింగ్ వారం రోజులు ఆలస్యమైతే కొంపలేం మునగవనుకున్నాను. జనరేటర్ల మీద వేలకు వేలు బల్బులు ధగధగా వెలిగాయి. ఎన్ని యూనిట్లని ఎవడూ అడగలేదు.

పదకొండో తారీఖున మౌలాలీ మీటరు చూశాను. ముప్పై ఐదు రోజులకు మూడు వందల నలభై ఆరు. నా బిల్లు మిషన్ నొక్కాక అంకె ఆఫీసుకు వెళ్ళిపోతుంది, ఇక నా చేతిలో ఉండదు. ఆరు నెలల సగటు మూడు వందల మూడుకు చేరింది. సరిగ్గా ఆ నెలతోనే జాబితా తీశారు. మౌలాలీ పేరు పోయింది.

నేనే తిరిగాను, తప్పు నాది కాబట్టి. వార్డు సచివాలయంలో సుస్మిత అనే అమ్మాయి మంచిదే. కరెంటాఫీసు నుంచి కాగితం తెమ్మంది. కరెంటాఫీసులో, రీడింగ్ తప్పైతే దిద్దుతాం కాని రీడింగ్ సరిగ్గానే ఉంది కదా అన్నారు. ఆలస్యం సంగతి చెబితే, అది నీ మీద రాయమంటావా అని అడిగారు. రాయమన్నాను. నవ్వి పంపేశారు. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ పెడితే అది తిరిగి తిరిగి మళ్ళీ సుస్మిత దగ్గరికే వచ్చింది. మళ్ళీ జాబితా ఆరు నెలలకు తీస్తారనీ, అప్పటికి సగటు మూడు వందల లోపు ఉంటే తిరిగి పెట్టుకోవచ్చనీ ఆ అమ్మాయి చెప్పింది. ఆ మాట మోసుకెళ్ళి మౌలాలీకి చెప్పింది నేను. ఏదో ఒకటి చెప్పి నా మనసు తేలిక చేసుకోవాలి కదా.

ముందు వేసవి. రేకుల కప్పు కింద ఫ్యాన్ లేకుండా ఆరోగ్యవంతుడే ఉండలేడు. ఫ్యాన్ వేస్తే మూడు వందలు దాటుతుంది. పైగా పింఛను పోయాక బిల్లు కూడా జీనత్ కూలిలోంచే కట్టాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

తర్వాతి నెల నాలుగో తారీఖునే వెళ్ళాను. రెండు వందల పదకొండు. రోజులు తక్కువే అయినా ఇంత తగ్గదు. అయినా సంతోషంతో గట్టిగా చదివాను. జీనత్ పనికి వెళ్ళింది. మౌలాలీ గడప దగ్గరికి రాలేదు. లోపలికి వెళితే గోడకు ఆనుకుని ఉన్నాడు. గొట్టం ముక్కుకే ఉంది. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. మిషన్ మీద చెయ్యి వేశాను, చల్లగా ఉంది.

"ఏంది అన్నా ఇది?" అన్నాను.

చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఆర్నెల్లు లెక్కలో ఉంటే మళ్ళీ వచ్చిద్దని నువ్వేగా చెప్పింది." మళ్ళీ ఆగాడు. "మీ వదినకు చెప్పమాక. అది వచ్చే యాళకి ఏస్తాలే."

స్విచ్ వేసి వచ్చాను. జీనత్‌కు చెప్పలేదు. చెబితే ఆమె పని మానుకుని కాపలా కూర్చుంటుంది, అప్పుడు తిండీ ఉండదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నిజానికి నేను పిరికివాణ్ణి. చెబితే ప్రభ సంగతి కూడా చెప్పాలి.

ప్రతి నెలా అంకె దిగింది. పగలు ఫ్యానూ లైటూ వెయ్యట్లేదుగా, అందుకే తగ్గుతోందని మౌలాలీ భార్యకు చెప్పాడు. పాపం, ఆమె నమ్మింది. నెలనెలా అతను మాత్రం నన్ను ఒకటే అడిగేవాడు, వచ్చే నెల తారీఖు తప్పవు కదా అని.

ఆరో రీడింగ్‌కు ఆరు రోజుల ముందు మధ్యాహ్నం పోయాడు. జీనత్ పని నుంచి వచ్చేసరికి గొట్టం ముక్కుకే ఉందట. స్విచ్ ఆపి ఉంది.

నాలుగో తారీఖున వెళ్ళాను. ఆ ఆరు నెలల సగటు నూట తొంభై. పింఛనుకు అన్ని విధాలా అర్హుడు. మిషన్ తీసుకెళ్ళడానికి వచ్చిన మెకానిక్, రోజంతా తిరిగితే ఇది ఒక్కటే నెలకు రెండు వందల డెబ్బై తింటుందని జీనత్‌తో అన్నాడట. ఆమె ఆరు బిల్లులు వరసగా నేల మీద పరిచి కూర్చుంది.

"నీకు ఎప్పటి నుంచి తెలుసు ఫణీ?"

"మొదటి నెల నుంచి వదినా."

"నాకు ఒక్క మాట చెప్పినట్టయితే," అని బిల్లులు తీసి దొంతి పెట్టుకుంది. శివరాత్రి సంగతి ఆ రోజూ చెప్పలేకపోయాను.

మరుసటి నెల నాలుగో తారీఖు పొద్దున్నే వెళ్ళాను. తలుపు వేసి ఉంది. పిలవలేదు. పద్నాలుగు యూనిట్లు. బిల్లు కొట్టి గడప మీద పెట్టి, గాలికి పోకుండా పక్కనున్న నాపరాయి ముక్క దాని మీద పెట్టాను.