అక్క పళ్ల తొడుగులు

పుట్టాక చిన్నదాని ఒంటికి కొత్తగా తగిలిన వస్తువేదైనా ఉందంటే అది టీకా సూది ఒక్కటే. మిగతావన్నీ అక్క వాడి వదిలేసినవే. గౌన్లు, సైకిలు, చెప్పులు, ఆఖరికి సగం అరిగిన రబ్బరుతో సహా పెన్సిళ్ల డబ్బా. "బంగారంలా ఉన్నాయి కదే, నీకేం లోటు?" అనేది అమ్మ. లోటేముంది పాపం! అక్క పాదం గుంట పడిన చెప్పుల్లో తన పాదం ఇమిడేదాకా నడవడమే దాని బాల్యం.

పళ్లు మాత్రం దాని సొంతం. పై కోరపళ్లు రెండూ చిగుళ్లెక్కి కూర్చున్నాయి. ముందుపన్ను పక్కదాని మీదికి ఒరిగింది. అందుకే నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఇప్పుడు కళ్లజోళ్ల దుకాణంలో పని. కిటికీ లేని వెనక గదిలో, మోటారు హోరు మధ్య అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగిస్తుంది. అక్కడి వాళ్లు దానికి పెట్టిన పేరు మౌనవ్రతం.

ఒకరోజు ఓనరు అన్నాడు. "వచ్చే ఏడు పక్క వీధిలో ఇంకో షాపు తెరుస్తున్నా. పని నీకు తెలిసినంత ఎవరికీ తెలీదు. కౌంటరు నీకే ఇద్దామనుంది. కానీ కౌంటరంటే నవ్వుతూ ఉండాలి తల్లీ. ఆ పళ్ల సంగతేదో చూసుకో."

ఆ గదిలోంచి వెలుతురులోకి రావాలని చిన్నదానికి ఎంత ఆశో! జీతంలో ఇంటికివ్వగా మిగిలేది బస్సుకే సరి. సరిగ్గా అప్పుడే అక్క అలైనర్లు పెట్టించుకుంది. తీసి పెట్టుకునే పల్చటి ప్లాస్టిక్ తొడుగులవి, నోట్లో ఉన్నట్టే కనబడవు. నోరంతా స్కాన్ చేసి, పన్ను పన్నుకీ కొలిచి, వరసగా జతలు చేసిస్తారు. రెండు వారాలకో జత మార్చుకుంటూ పోతే పళ్లు మెల్లమెల్లగా జరుగుతాయి. అక్కకున్నదల్లా కింది వరసలో చిన్న వంకర. సరేలెండి, ఆవిడ జీతం, ఆవిడ నోరు.

మొదటి జత అయిపోగానే అక్క దాన్ని కడిగి చిన్నదాని మంచం మీద పడేసింది.

"తీసుకోవే. ఒక కడుపున పుట్టినవాళ్లం, దవడలు మాత్రం వేరవుతాయా?"

"నాకు పడతాయా అక్కా?"

"మొదట్లో నొప్పి పుడుతుంది. పుట్టిందంటే పనిచేస్తున్నట్టే."

ఏం చెప్పమంటారు! తాతగారి అద్దాలు తీసి మనవడి ఫ్రేములో పెట్టమని ఎవరైనా పంపితే, "ఒకరి అద్దం ఇంకొకరి కంటికి పనికిరాదు" అని తిప్పి పంపే మనిషే, అక్క పళ్ల తొడుగు తన నోట్లో కుక్కుకుంది. ఎక్కకపోతే వేడినీళ్లలో ముంచి, బొటనవేళ్లతో అదిమింది. పంటి బిగువున ఓర్చుకుంది. అద్దాలు బిగిస్తుంటే దవడ లాగేసి కళ్లలో నీళ్లు తిరిగేవి. జరుగుతున్నాయి, జరుగుతున్నాయి అని సంబరపడేది. అక్క మానకుండా జత తర్వాత జత ఇస్తూనే ఉంది. ఒకసారి ఫోన్లో స్నేహితురాలితో, "మా ఇంట్లో చెత్తబుట్టతో పనిలేదే, చిన్నది ఉందిగా" అని పగలబడి నవ్వింది. చిన్నది వింది. దానమిచ్చిన ఆవు పళ్లు పట్టి చూడకూడదు కదా, తర్వాతి జతా అందుకుంది.

ముందుపన్ను నాలుకతో తోస్తే ఊగడం మొదలైంది. అదీ మంచికే అనుకుంది పిచ్చిది. కొత్త షాపు తెరిచే వారంలో చిగురు వాచి చీము పట్టింది. అక్క పళ్ల డాక్టరు దగ్గరికి చివరిసారి చూపించుకోవడానికి వెళ్తుంటే వెంట వెళ్లింది.

డాక్టరమ్మ నోరు తెరిపించి చూసి నిర్ఘాంతపోయింది. "ఎవరి తొడుగులమ్మా ఇవి? నీ పన్ను ఎటు జరగాలో వీటికేం తెలుసు? వేరు పట్టు వదిలేసింది. తీసెయ్యాలి."

"అయ్యయ్యో, నేను సరదాకన్నాను డాక్టర్!" అంది అక్క. "నిజంగా పెట్టుకుంటుందని ఎవరనుకుంటారు?"

"ప్రతిసారీ కడిగి మరీ ఇచ్చావు కదక్కా," అంది చిన్నది.

అక్క ఫోను చూసుకుంటూ, "మురికివి ఇవ్వమంటావా?" అంది.

పన్ను పీకేశారు. కౌంటర్లో ఓనరు తన మరదలిని కూర్చోబెట్టాడు. చిన్నదాని నోరు చూసి, "ముందే నయంగా ఉండేది కదమ్మా," అన్నాడు, జాలిగానే.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అమ్మ, "పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని, నిన్నెవరు పెట్టుకోమన్నారే?" అని విసుక్కుంది.

"పోనీలే, దిగులు పడకు," అన్నాడు నాన్న. "ముసలితనంలో అక్క కట్టుడు పళ్లు పెట్టించుకుంటుందిగా, ఆ పాత సెట్టు నీకే!"

ఇల్లంతా ఘొల్లుమంది. చిన్నదీ నవ్వింది. ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఖాళీ సందు, వాచిన చిగురు, పైకెక్కిన కోరలు అన్నీ కనబడేలా, అక్క మొహంలోకే చూస్తూ నవ్వింది. ఒక్కొక్కరే నవ్వు ఆపేశారు. అది మాత్రం ఆపలేదు.

అక్క చేతిలో ముద్ద కంచంలో వదిలేసింది. "చెయ్యి అడ్డం పెట్టుకోవే బాబూ. చూస్తూ తినలేకపోతున్నాం."

పెట్టుకోకూడదనే అనుకుంది చిన్నది. కానీ అలవాటు పడ్డ చెయ్యి, దాన్ని అడక్కుండానే లేచి నోటికి అడ్డం వచ్చింది.

అక్క మళ్లీ ముద్ద కలుపుకుంది.