పరదా అవతలి పచ్చగాజులు

పోలీస్ యాక్షన్‌కు ముందు ఊళ్లో గడబిడ ముదిరినప్పుడు, అల్వాల్‌లో టీచరుగా ఉన్న అక్క తన మూడేళ్ల కూతురిని చిలకలగూడలోని మా ఇంట్లో వదిలిపెట్టి వెళ్లింది. అంతా సర్దుకునేసరికి ఆ పిల్ల నా సొత్తయిపోయింది. నా చేతి ముద్దే తినేది. నేను కట్టిన పిల్లి పాటను నా ఒళ్లో కూర్చుంటే తప్ప పాడేది కాదు. పాస్టరుగారు ఇంటికొచ్చి బతిమాలినా నోరు విప్పలేదు. అందుకు నేనెంత మురిసిపోయానో ప్రార్థనలో కూడా చెప్పుకోలేదు.

బస్సులు మళ్లీ సరిగ్గా తిరగడం మొదలయ్యాక, పిల్లను దింపి రమ్మంది అమ్మ. సరేనన్నాను. నా ఆశ ఒక్కటే. అల్వాల్‌లో దిగగానే అది నా మెడ పట్టుకుని, తల్లి దగ్గరికి పోనని ఏడవాలి. అది అక్క చూడాలి. అప్పుడు నేను పెద్దమనసుతో నచ్చజెప్పి అప్పగించాలి. మనసులో రిహార్సల్ కూడా వేసుకున్నాను.

బొల్లారం బస్సెక్కాం. ముందు భాగం ఆడవాళ్లది. వాళ్లకూ మాకూ మధ్య మందపాటి పరదా. పిల్లకు కిటికీ కావాలి. కిటికీ పక్కన ఒక ముసలాయన నిద్రపోతున్నాడు. నిద్రపోయేవాడికి కిటికీ ఎందుకో నాకిప్పటికీ తెలియదు. పిల్ల ఏడుపు షురూ చేసింది. ఎత్తుకున్నాను, ఊపాను, పిల్లిలా అరిచాను. బస్సులోని మగవాళ్లంతా నన్నే పిల్లిని చూసినట్టు చూశారు. ఇంతలో అది నా ఒళ్లోంచి జారి, పరదా కిందుగా దూరి, అవతలికి వెళ్లిపోయింది.

ఏడుపు ఆగింది. బస్సంతా హమ్మయ్య అనుకుంది. నేను అనుకోలేదు.

లేచి ముందుకు పోబోతే కండక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"గది జనానా. పరదా ముట్టొద్దు."

"మా పిల్ల లోపలుంది."

"పిల్లకు ఇజాజత్ ఉంది. నీకు లేదు."

ఉన్నచోటి నుంచే పిలిచాను. "అమ్మలూ, దా, మురుకులిస్త."

లోపలి నుంచి ఒక ఆడగొంతు పలికింది. "మురుకులు ఈడనే ఉన్నయి భాయ్. పోరి సంచి సుత తెచ్చుకుంది."

పరదా అవతల నవ్వులు, మురుకులు విరిగే చప్పుడు. ఆ తర్వాత పిల్లి పాట. మొదటి నుంచి చివరిదాకా, ఆఖరి మ్యావ్‌తో సహా. "ఇంకొక్కసారి, బేటీ" అందా గొంతు. మళ్లీ పాడింది. నాకెప్పుడూ రెండోసారి పాడలేదు.

ముసలాయన కళ్లు తెరిచాడు. "పరేషాన్ గాకు తమ్మీ. సర్కారే మారింది, పోరి మారదా?"

నిజాం లొంగడానికైనా కొన్ని రోజులు పట్టింది. ఈ పిల్లకు ఒక్క స్టాపు కూడా పట్టలేదు.

అల్వాల్ రాగానే పరదా అంచు కొద్దిగా లేచింది. మోచేతిదాకా పచ్చగాజులున్న చెయ్యి ఒకటి పిల్లను బయటికి అందించింది. ముఖం కనిపించలేదు. పిల్ల ఆ గాజులు పట్టుకుని వదలదు.

"పో బేటీ. లేకుంటే మీ మామ ఏడుస్తడు."

కిందికి దిగేసరికి అక్క చేతులు చాపి ఎదురొచ్చింది. పిల్ల నా మెడను కరుచుకుని, నా భుజం మీదుగా కదిలిపోతున్న బస్సును చూస్తూ, కాళ్లు కొట్టుకుంటూ ఏడుస్తోంది. అచ్చం నా రిహార్సలే. అక్క చేతులు మెల్లగా కిందికి దిగాయి.

"నన్ను మరిచిపోయిందిరా. నిన్ను విడుస్తలేదు."

ఆ ముఖం చూద్దామనే అంత దూరం వచ్చాను. చూశాక బాగాలేదు.

"నా కోసం కాదక్కా. బస్సుల ఒకామె ఉండె. ఆమె కోసం."

"ఎవరామె?"

"తెల్వదు. చెయ్యి ఒక్కటే చూసిన. పచ్చగాజులున్నయి."

అక్క బస్సు పోయిన వైపు చూసింది. నేనూ చూశాను. ముఖం తెలియని మనిషి మీద కుళ్లుకోవడం తేలిక కాదు. మా ఇద్దరికీ బాగానే వచ్చింది.

తర్వాతి ఆదివారం చర్చి అయ్యాక అల్వాల్ వెళ్లాను. సుద్దముక్క పట్టే చేతికి గాజులు అడ్డమనే మా అక్క, రెండు చేతులకూ మోచేతిదాకా పచ్చగాజులు వేసుకుని కూర్చుంది. పిల్ల ఆమె ఒళ్లో వాటిని గలగలలాడిస్తూ పిల్లి పాట పాడుతోంది. నన్ను చూసి ఆపను కూడా ఆపలేదు.

"ఏమన్నా అన్నవంటే ఊకోను" అంది అక్క ముందే.

ఆ వారం గాజుల దుకాణం ముందు నేనూ ఒకసారి ఆగాను. నా సైజు ఉండదని ఊరుకున్నాను.