మా పాప్ ఆల్బం, మా హెల్వి

హెల్వి రాంటాలా గురించి చెప్పబోతే ముందు నాకు టొరంటో వాళ్ళమీద ఒళ్ళు మండుతుంది. సరే, కోపం పక్కన పెట్టి చెబుతా.

హెల్వి పొద్దున స్కూలు బస్సు నడిపేది, వారాంతాల్లో మా బ్యాండులో డ్రమ్స్ వాయించేది. మా ఊరు థండర్ బేలో మేం వాయించని హాలు లేదు. బేస్ గిటారు నాది, పాట మార్సీది. గట్టి రాక్ తప్ప ఇంకోటి తెలీని మాకు ఎనభై ఏడులో టొరంటో రికార్డు కంపెనీ ఒకటి ఆశ పెట్టింది. అందరూ పాడుకునే పాప్ ఆల్బం చేస్తే దేశమంతా వినిపిస్తామంది. వాళ్ళమ్మ పోయాక మార్సీ రాసుకున్న పాటలున్నాయి. అవి నలుగురి చెవినా పడాలని తను ఎంత తపించిపోయిందో నాకు తెలుసు.

స్టూడియోలో మొదటిరోజే ప్రొడ్యూసర్ హెల్విని ఆపేశాడు. "మీ తాళం నిలకడగా లేదండీ" అన్నాడు.

నిలకడ లేదట, వాడి మొహం. ఊపిరి తీసుకునేటప్పుడు మార్సీ భుజం కాస్త లేస్తుంది. హెల్వి కళ్ళెప్పుడూ ఆ భుజం మీదే. ఊపిరి అందేదాకా ఆగి అప్పుడు దెబ్బ వేస్తుంది. మేమంతా అలాగే వాయించడం నేర్చుకున్నాం. ఆయనగారు హెల్విని లేపేసి అక్కడ డ్రమ్ మెషిన్ పెట్టాడు.

నేను గిటారు సర్దేయబోతే హెల్వి నా చెయ్యి పట్టుకుంది.

"కూర్చోరా వెండెల్. మార్సీ పాటలు బయటికి రానీ."

"నువ్వు లేకుండానా?"

"నేను కాఫీ కలుపుతాలే."

నిజంగానే అందరికీ కలిపింది. పరమ చెత్తగా కలిపింది, అది వేరే సంగతి.

ఆల్బం వచ్చింది. మెషిన్ వెనకాల మార్సీ ఆయాసపడుతూ పరిగెత్తినట్టుంది. రేడియో వాళ్ళు పక్కన పడేశారు. కంపెనీ మా ఫోన్లు ఎత్తడం మానేసింది.

ఆ చలికాలమే మా ఊరి మాజీ సైనికుల లీజియన్ హాల్లో వాయించాం. గుమ్మం దగ్గర బూట్లు విప్పేసి, ఉన్ని మేజోళ్ళతో డాన్సుకి దిగిన జనం, కొత్త పాట ఎత్తుకోగానే పోయి గోడవార కుర్చీల్లో కూలబడ్డారు.

"ఆ పాకం మాకొద్దమ్మాయ్, పాతవి కొట్టండి" అని మా డాన్సులకి ఎప్పుడూ వచ్చే లార్స్ వెనకనుంచి కేకేశాడు. "యంత్రాన్ని ఇంట్లో మర్చిపోయొచ్చారా?"

అంతా నవ్వారు. మార్సీ మైకు వదిలేసి మా దగ్గరికి వచ్చింది. "పాతవే కానిద్దాం. ఈ పాటలు జన్మలో మళ్ళీ పాడను" అంది.

"అమ్మ పాట ఎత్తుకో" అంది హెల్వి.

"వద్దే."

"నిన్నడగలేదు, చెబుతున్నా. వెళ్ళి ఊపిరి తీసుకో."

మార్సీ వెళ్ళింది. హెల్వి ఆగి, చూసి, మొదలెట్టింది. ఆ పాటని మార్సీ ఎలా అనుకుని రాసుకుందో నాకప్పుడు తెలిసింది. లార్స్ నోరు మూసుకున్నాడు. డాన్సుకి మాత్రం ఎవరూ లేవలేదు. అయినా హెల్వి ఆల్బంలో పాటలన్నీ వాయించింది, ఒక్కటీ వదల్లేదు. ఎప్పుడు సాధన చేసిందో ఏమో. అలాంటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

డ్రమ్స్ వ్యానులోకి ఎక్కిస్తుంటే మార్సీ ఉండబట్టలేక అడిగింది. "ఆ ఆల్బంలో నీ దెబ్బ ఒక్కటీ లేదు. నీ స్థానంలో నేనుంటే ఆ క్యాసెట్టు చెత్తలో పారేసేదాన్ని. ఎందుకే నీకంత ఇది?"

"రోజూ వింటానే దాన్ని" అంది హెల్వి. "ఇన్నేళ్ళూ నీ వెనక కూర్చుని వాయించా. నా చప్పుడులో నీ పాట నాకెప్పుడూ సరిగ్గా వినపడలేదు."