బండిమెట్టు మీద అమ్మ కాలు

నిన్న ధర్మవరం స్టేషన్లో ఒకామె రైలు కిటికీలోంచి ఎవరికో మల్లెపూలు అందిస్తుంటే చూస్తూ నిలబడిపోయాను.

రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాళ్ళంతా చెప్పండి, గుర్తుందా? పెరుగులో తేలే బొగ్గు నలుసులు, గంటగా వేలాడదీసిన రైలుపట్టా ముక్క, వాడకుండానే గడువు తీరిపోయే ఉచిత పాసు. అరవైల్లో పెనుకొండకూ ధర్మవరానికీ నడుమ ఒక చిన్న స్టేషన్లో మా నాయన మాస్టరు. బదులు పనిచేయడానికి రిలీవర్ వస్తే తప్ప ఆయనకు సెలవు లేదు. పిన్ని పెళ్ళికీ రిలీవర్ రాలేదు. మేమెవరమూ పోలేదు.

పెళ్ళయిన మరునాడు కొత్త జంట ధర్మవరం నుంచి హిందూపురం పోతూ మా స్టేషన్ మీదుగా వచ్చింది. అమ్మ కిటికీలోంచే పిన్నికి కుంకుమ పెట్టి, తలలో పూలు తురిమింది.

"అక్కా, నువ్వూ ఎక్కు. నాలుగు దినాలుండి వద్దువు," అంది పిన్ని.

"కట్టుబట్టలతోనా?" అని నవ్వింది అమ్మ.

"నా చీరలు లేవా? ఎక్కు, బావ ఏమీ అనడులే."

అమ్మ నా చెయ్యి పట్టుకుని మెట్టు మీద ఒక కాలు పెట్టింది. వచ్చే పోయే బండ్లను చూడటమే తప్ప ఎక్కడం ఎరుగని నేను రెండో చేత్తో తలుపు పక్క కమ్మీ పట్టుకున్నాను. గార్డు ఈల వేశాడు. నాయన మమ్మల్నే చూస్తూ పచ్చ జెండా ఎత్తకుండా నిలబడ్డాడు.

"ఏమప్పా మాస్టరూ, నిద్రపోతాండావా?" అని గార్డు అరిచాడు.

అమ్మ కాలు దించేసింది.

"ఊపయ్యా," అంది నాయనతో. "పొయ్యి మీద పప్పుండాది."

బండి కదలకముందే నన్ను లాక్కుంటూ ఇంటివైపు నడిచింది. ఆమె వెనక్కి చూడలేదు. నేను మాత్రం మెడ వెనక్కే తిప్పుకుని నడిచాను.