ఇంగ్లండులో నేను నోరు విప్పిన రోజు

పుంగనూరులో ఒక ఆడపిల్లల బడిలో ఎనిమిదేళ్లు ఇంగ్లీషు చెప్పాను. చెప్పానే గానీ, మాట్లాడలేదు. పాఠం చదివి, తెలుగులో అర్థం చెప్పి, ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద రాసేదాన్ని. అది చాలనే అనుకునేదాన్ని.

డెబ్బైల చివర్లో, ఇంగ్లీషు టీచర్లను ఆరు వారాలు ఇంగ్లండు పంపుతారని తెలిసి, మా హెడ్‌మిస్ట్రెస్ దరఖాస్తు నింపి నాచేత సంతకం చేయించారు. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం నుంచి బస్సులో ఊళ్లు చూపించడం. నా పేరు వచ్చింది. వద్దని రాసేద్దామనుకున్నాను. మా ఆయన మదనపల్లెలో బ్యాంకు గుమాస్తా. "యాల భయపడతావు? పిల్లోళ్లను మా అమ్మ సూసుకుంటాది. నువ్వు పో" అన్నాడు.

అక్కడ మా క్లాసులో రకరకాల దేశాలవాళ్లు ఉండేవాళ్లు. మాకు చెప్పే ఆమె తల నెరిసిన మనిషి. రోజూ పొద్దున్నే, నిన్న చూసినదాని గురించి చెప్పమని ఒక్కొక్కరినీ అడిగేది. కోట చూసొచ్చినా, నది చూసొచ్చినా, నా నోట్లోంచి "ఇట్ వజ్ వెరీ నైస్" తప్ప ఇంకో మాట రాలేదు. పది రోజులకు, నా వంతు రాగానే పక్కవాళ్లు ముందే నవ్వడం మొదలుపెట్టారు. గదికి పోయి ఏడ్చాను.

మూడో శనివారం కొండల్లోకి తీసుకుపోయారు. అందరూ జలపాతం చూడటానికి కిందికి దిగారు. నేను వెనకబడ్డాను. రాతిగోడ అవతల ఒక ముసలాయన గొర్రెను వెల్లకిలా పడేసి, కాలు పట్టుకుని, గిట్టను కత్తితో చెక్కుతున్నాడు. గొర్రె గింజుకుంటోంది.

మా నాయన తంబళ్లపల్లె దగ్గర గొర్రెలు మేపేవాడు. వానాకాలం బురదలో గిట్టలు చీముపట్టి గొర్రెలు కుంటితే ఇట్లే చేసేవాడు. వెనక కాళ్లు పట్టుకోవడం నా పని. ఆలోచించకుండానే గోడ దాటి పోయి, ఆ కాళ్లు పట్టుకున్నాను.

ముసలాయన ఆశ్చర్యంగా చూసి, గొర్రెల పని తెలుసా అని అడిగాడు.

చెప్పడం మొదలుపెట్టాను. గిట్టకు ఇంగ్లీషు మాట గుర్తురాక, కాలి గోరు అనే అర్థంలో "లెగ్ నెయిల్" అన్నాను. "హూఫ్" అని మాట అందించి, "తర్వాత?" అన్నాడాయన. మేము వేపనూనె పూస్తామంటే, వేప అంటే ఏమిటన్నాడు. చెట్టు ఎంత ఎత్తో చేత్తో చూపించి, ఆకు ఎంత చేదో ముఖం పెట్టి చూపించాను. పడీపడీ నవ్వాడు. వెనక్కి తిరిగితే మా టీచరమ్మ గోడకు ఆనుకుని నిలబడి వింటోంది. ఎంతసేపటి నుంచో తెలియదు.

సోమవారం క్లాసులో ఇదే చెప్పమంది. చెప్పాను. నా తప్పులు నాకే వినిపిస్తున్నాయి, అయినా ఆగలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆఫ్రికా నుంచి వచ్చిన ఒకాయన, తమ ఊళ్లో గొర్రెలకు ఏ ఆకు కడతారో చెప్పి, నన్ను ఇంకా ఇంకా అడిగాడు. మిగిలిన మూడు వారాలూ చూసిన ప్రతిచోటా ఎవరో ఒకరిని పలకరించాను.

తిరిగొచ్చాక మా నాయనకు ఈ సంగతి చెప్పాను. "ఆ దేశంలో గూడా కుంటురోగం ఉండాదా!" అని ఎంత సంబరపడ్డాడో.

ఎనభైల్లో నాకు కుప్పం బదిలీ అయింది. అక్కడ శనివారం మధ్యాహ్నాలు పిల్లలను బయటికి తీసుకుపోయేదాన్ని. ఒక వారం రైల్వే స్టేషను, ఒక వారం పట్టుపురుగుల షెడ్డు. ఎవరికి తెలిసిన పని గురించి వాళ్లు ఇంగ్లీషులో చెప్పాలి, తప్పయినా ఆపకూడదు. అదొక్కటే నియమం.

ఒకరోజు, ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే ఒకాయన దుకాణం ముందు నిలబడ్డాం. ఆయన కూతురు మా క్లాసే. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడే పిల్ల. తగరం ఎట్లా కరుగుతుందో, గుడ్డతో గిన్నెలో ఎట్లా తిప్పాలో ఇంగ్లీషులో గడగడా చెప్పింది. ఆయన చేతిలో పని ఆపి విన్నాడు.

"ఏమంటాండాదమ్మా నా బిడ్డ?" అని నన్నడిగాడు.

"నీ పని గురించే చెప్తాండాదన్నా."

ఆయన ఇంకో గిన్నె తీసి నిప్పుల మీద పెట్టాడు. "అయితే మళ్లా మొదట్నించి చెప్పమనమ్మా" అన్నాడు.