కృపారావు నిక్కరు జేబు

రాజోలు తాలూకా కరెంటు మొత్తాన్ని నిక్కరు జేబులో వేసుకుని, తాపీగా ఇంటికెళ్లి చేపల పులుసుతో అన్నం తిన్న మొనగాడు మా బావ కృపారావు ఒక్కడే. ఆ జేబు మా అక్క జయమ్మ కుట్టింది, పాత తెరచాప గుడ్డతో, మోకాలి దాకా. అందులో మేకపిల్లను దాచినా బయటికి తెలిసేది కాదు.

తొంభై ఆరు తుఫానుకు కరెంటు స్తంభాలు నేలకొరిగినప్పుడు బావ కాంట్రాక్టు పనిలో చేరాడు. స్తంభం ఎక్కేది బావ. కింద నిలబడేది పర్మినెంటు లైన్‌మన్ ప్రభాకరరావు గారు. ఎక్కేముందు ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజులు పీకి జేబులో వేసుకోవడం బావ పద్ధతి. అవి తన దగ్గరుంటే కింద ఎవరూ కరెంటు వదల్లేరు.

ఒకరోజు ప్రభాకరరావు గారికి అది చిన్నతనం అనిపించింది.

"ఫ్యూజులిలా ఇయ్యవయ్యా. ఆఫీసు సొత్తు నీ జేబులో ఏంటి?"

"పైకెక్కే ప్రాణం నాదండి."

"అంటే నామీద నమ్మకం లేదా?"

"నమ్మకమేనండి. కాకపోతే తమరు మొహమాటస్తులు. ఎవరేమడిగినా కాదన్లేరు."

"అయితే రేపట్నించి పన్లోకి రామాకు."

బావ ఫ్యూజులు ఆయన చేతిలో పెట్టి, స్తంభం ఎక్కకుండా దాని మొదట్లోనే చతికిలబడ్డాడు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పనితోనే.

అంతలో మాణిక్యాలరావు గారు పరుగున వచ్చారు. వాళ్లింట్లో పెళ్లి.

"ప్రభాకరరావు గారూ, వంటకి నీళ్లు లేవండి. ఒక్క అయిదు నిమిషాలు కరెంటు వేస్తారేంటండి? మోటారు ఆడించుకుంటాం."

"ఆయ్, దానికేం భాగ్యం అండి," అంటూ ప్రభాకరరావు గారు ఫ్యూజులతో రెండడుగులు వేసి ఆగిపోయారు. స్తంభం పైకి చూశారు. కింద కూర్చున్న బావని చూశారు. వెనక్కి వచ్చి, ఫ్యూజులు ఆ జేబులో జారవిడిచారు.

"ఎక్కు," అన్నారు.

పని పూర్తిచేసి బావ ఛాతీ విరుచుకుని ఇంటికెళ్లిపోయాడు, జేబుతో సహా. కంచం ముందు కూర్చున్నాక గుమ్మంలో సైకిలు బెల్లు మోగింది. లైన్‌మన్ గారే.

"కృపారావూ, పెళ్లోరు నన్ను తినేస్తన్నారు. జేబు."

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రభాకరరావు గారు తాను స్తంభం ఎక్కాల్సి వచ్చినా ముందు ఫ్యూజులు మా బావ జేబులో వేసేవారు. ఆఫీసులో అంతమంది పర్మినెంటు వాళ్లుండగా!

ఇదంతా చదివి వినిపిస్తే బావ బీడీ ఆర్పి అన్నాడు: "తాలూకా కాదురా, ఒక్క ట్రాన్స్‌ఫార్మరు. ఆ రోజు పులుసు కూడా కాదు, చారు."