పురికొస కట్టని దూది

మా అపార్ట్‌మెంటు సెల్లార్లో నా కారు బానెట్ ఎత్తితే చాలు, పై అంతస్తుల వాళ్లందరికీ ఒకేసారి పెట్రోలు వాసనా, దాంతోపాటు తలనొప్పీ వచ్చేస్తాయి. ఈ ఉదయం కూడా వాచ్‌మన్ మూడు బారల దూరంలో ఆగి, "మేడంగారూ, ఎవరన్నా మెకానిక్కుని పిలిపించుకోమంటున్నారండి సెక్రటరీగారు" అన్నాడు. మెకానిక్కు వచ్చేసిందనీ, నాలుగో అంతస్తులో ఉండే ఆవిడేననీ చెప్పి రమ్మన్నాను. నవ్వు ఆపుకుంటూ లిఫ్టు వైపు వెళ్లాడు గానీ, వాళ్లకి ఎలా చెప్పాడో తెలియదు.

ఇంతకీ నేను చేస్తున్నది పెద్ద పనేం కాదు. రెండు తలుపుల పాత కారు ఇది, ఒకప్పుడు పందేలకోసం తయారుచేసింది. గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజిన్‌కి అందించే కార్బొరేటరు మామూలు కార్లకి ఒకటుంటే దీనికి రెండు. రెండూ సమానంగా గాలి పీల్చాలి, లేకపోతే ఇంజిన్ కుంటుతుంది. సరిచూడడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు, ఒక రబ్బరు గొట్టం చాలు. ఒక కొస కార్బొరేటరు నోటి దగ్గర, రెండో కొస చెవిలో పెట్టుకుని, లోపలికి పోయే గాలి బుస వినాలి. ఒకరు వింటూ ఉంటే ఇంకొకరు స్క్రూ తిప్పాలి. చిక్కంతా అక్కడే, ఇది ఇద్దరు మనుషుల పని.

అందుకే పైకి వెళ్లి అన్నయ్యకి ఫోన్ చేశాను. పోయిన నెలే రిటైరయ్యాడు, దాచేపల్లిలోనే ఉంటాడు, బస్సెక్కితే మధ్యాహ్నానికల్లా గుంటూర్లో దిగుతాడు. వచ్చి గొట్టం పట్టుకోమన్నాను. "వద్దులేవే, నా చేతులు మంచివి కావు" అన్నాడు. ముప్ఫై ఏళ్ల పైనుంచీ ఇదే మాట. అలా అనేలా చేసిందాన్ని నేనే.

మా నాన్నగారు పర్చూరు, చిలకలూరిపేటల మధ్య పత్తిలోంచి గింజ తీసే ఒక జిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజరు. మేముండేది మిల్లు వెనక క్వార్టర్సులో. నేను గుంటూర్లో బియస్సీ చదువుతూ శని, ఆదివారాలు ఇంటికి వచ్చేదాన్ని. డిప్లొమా అయిన అన్నయ్య, మద్రాసులో దూది బేళ్లు దించి ఖాళీగా వచ్చే లారీమీద ఈ కారుని ఎక్కించుకొచ్చాడు. అప్పటికిది కారని చెబితేగానీ తెలిసేది కాదు. ఏడాదిన్నర పాటు మిల్లు షెడ్డులో దాన్ని విప్పడం, కడగడం, నున్నగా గీకడం, మళ్లీ బిగించడం. పప్పులోకి నూనె అడిగితే ఇంజిన్ ఆయిలు ఇచ్చే కొంప ఇదని మా అమ్మ వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పేది. మన తరం వాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఆడపిల్ల సైకిలు చెయిన్ వేసుకుంటేనే వీధి ఆగి చూసేది, నేను స్పానరు పట్టుకుంటే ఇంక చెప్పేదేముంది. చూసేవాళ్లని చూడనిచ్చాను. ఎవరైనా నోరు విప్పితే మాత్రం ఊరుకునేదాన్ని కాదు.

కారు బాగా ఊపిరి తీసుకోవాలని అన్నయ్య గాలి వడకట్టే ఫిల్టర్లు తీసేశాడు. రెండు నోళ్లూ బార్లా తెరుచుకుని ఉండేవి. ఎండలు ముదిరే వేళకి మిల్లు చుట్టూ కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసేవారు, ఆ ఘాటు గాలిలో దుమ్ముతోపాటు తిరిగి బట్టల్లోకీ, కళ్లల్లోకీ దూరేది. ఇంజిన్‌లోకి మాత్రం పోకూడదని, పని చేస్తున్నంతసేపూ ఆ నోళ్లలో దూది కుక్కేవాళ్లం. దూదికేం కొదవ, మిల్లు నిండా అదే. తీయడం మరిచిపోతే ఇంజిన్ మింగేస్తుంది కనక నేనొక పద్ధతి పెట్టాను. మిరపకాయల బస్తాలు, అదే టిక్కీలు, కుట్టే పురికొస ముక్క ఒకటి దూదికి కట్టి, రెండో చివర కారు తాళంచెవికి ముడివేసేదాన్ని. దూది బయటికి లాగితే తప్ప తాళంచెవి స్టీరింగు దాకా పోదు. ఆ పద్ధతిని అన్నయ్య తన స్నేహితులందరికీ గొప్పగా చెప్పేవాడు, మా చెల్లెలి బుర్ర అని.

గొట్టం మాత్రం ఎప్పుడూ అన్నయ్య చెవిలోనే ఉండేది. స్క్రూ నా చేతిలో. కళ్లు మూసుకుని వింటూ "ఇంకాస్త" అనేవాడు, ఆ తరవాత "చాలు" అనేవాడు. చాలన్నాక వెంట్రుకవాసి తిప్పినా ఒప్పుకునేవాడు కాదు.

మద్రాసు దగ్గర విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే మీద పందెం ఉందని తెలిసి పేరిచ్చి వచ్చాడు, తనది ఒక్కటే. పందేనికి మూడు రోజులుందనగా సాయంత్రం షెడ్డులో అది బయటపడింది. వాచీ పట్టుకుని టైము చూడమన్నాడు నన్ను.

"స్క్రూ తిప్పడానికి పనికొచ్చిన చెయ్యి స్టీరింగుకి పనికిరాదా?" అన్నాను.

"ఒసే, నాన్న ఒప్పుకోడే."

"నాన్న ఒప్పుకోడా, నువ్వు ఒప్పుకోవా? అది చెప్పు ముందు!"

అలా అరుస్తూనే చేతిలో ఉన్న దూది ఉండని వెనక కార్బొరేటరు నోట్లోకి బాగా లోపలికి కుక్కాను. తాళంచెవి అప్పటికే స్టీరింగు దగ్గర పెట్టి ఉంది, పురికొస దేనికి కట్టను, కట్టలేదు. అమ్మ అన్నానికి పిలిచింది. నేను విసురుగా వెళ్లిపోయాను, అన్నయ్య బానెట్ మూసి నా వెనకే వచ్చాడు.

తెల్లారి కారు నడిపి చూసి రావడానికి చిలకలూరిపేట రోడ్డెక్కాం. నేను పక్క సీట్లో మూతి ముడుచుకుని వాచీ పట్టుకున్నాను. యాక్సిలరేటరు నెమ్మదిగా తొక్కినంతసేపూ ఇంజిన్ బాగానే ఉంది. తిన్నటి రోడ్డు వచ్చాక అడుగంటా తొక్కాడు. ఒక్క ఊపు, ఆ వెంటనే సుత్తితో కొట్టినట్టు నాలుగైదు దెబ్బలు, ఆ తరవాత చప్పుడే లేదు. రోడ్డుకి రెండు వైపులా పత్తి మోళ్లు, మేమిద్దరం.

ఎడ్లబండికి కట్టి తెచ్చి ఇంజిన్ తల విప్పితే, వంగిపోయిన వాల్వు కింద నల్లగా కమిలిన దూది ముక్క కనిపించింది. నెమ్మదిగా పోయినంతసేపూ నోట్లోనే ఆగిన దూదిని, అడుగంటా తొక్కగానే ఇంజిన్ మింగేసింది. చూడగానే నాకు అంతా గుర్తుకొచ్చింది. అన్నయ్య కోప్పడలేదు. "ఇదెవరు పెట్టారే?" అని మాత్రం అడిగాడు.

"నేను పెడితే పురికొస ఉండేది. దీనికేదీ?" అన్నాను. అక్కడితో ఆపలేదు. "బానెట్ మూసిందెవరు? మూసేముందు చూసుకోనక్కర్లేదా?" అన్నాను.

దూది ముక్కని వేళ్లతో తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "నిజమేనే, నేనే పెట్టుంటాను" అన్నాడు. వాదనలో నేను గెలవని రోజంటూ లేదు ఆ ఇంట్లో, ఆ రోజూ గెలిచాను.

ఆ తరవాత అన్నయ్య స్పానరు ముట్టుకోలేదు. సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరయ్యాడు. స్కూటరు ప్లగ్గు మార్చడానికి కూడా షాపుకి పట్టుకెళ్తాడు. తన చేతులకి మతిమరుపట. నేను లెక్చరరునయ్యాక మిల్లు షెడ్డులో తుప్పు పడుతున్న కారుని గుంటూరు తెచ్చుకుని, ఒక్కో ముక్కా వెతికి వేసి, నాలుగేళ్లకి నడిపించాను. ఏం పంతమో అనుకున్నారు అందరూ. అననిచ్చాను, ఆ ఒక్కసారికి.

ఈ ఉదయం ఫోన్లో చెప్పేశాను. ఆ దూది నాదేననీ, పోట్లాటలో పురికొస కట్టలేదనీ, తెలిసే అబద్ధమాడాననీ, మొత్తం. అన్నయ్య పకపకా నవ్వాడు.

"నన్ను రప్పించడానికి ఎన్ని వేషాలే! మొహమ్మీదే కడిగేసే మనిషివి, నువ్వు అబద్ధమాడ్డమా?"

"నీమీదొట్టు, అన్నయ్యా. నేనే పెట్టాను."

"నువ్వు పెడితే పురికొస ఉండేది కదే" అన్నాడు.

ఎండ ముదరకముందే పని చూసుకోమని చెప్పి పెట్టేశాడు.

కిందికి వచ్చి దూది ఉండలు రెండూ బయటికి లాగాను. పురికొసలు రెండూ తాళంచెవికే ఉన్నాయి, విప్పి జేబులో పెట్టుకున్నాను. ఇప్పటి కార్లకి బానెట్ ఎత్తినా నల్లటి ప్లాస్టిక్ మూతే కనిపిస్తుంది, దాని కింద ఏముందో ఎవరికీ అక్కర్లేదు, మరిచిపోవడానికి అందులో దూదీ ఉండదు, తప్పు ఎవరిదని పోట్లాడుకోవడానికి పక్కన మనిషీ ఉండడు. ఇంజిన్ స్టార్టు చేసి, గొట్టం ఒక చేత్తో చెవిలో పెట్టుకుని, రెండో చేత్తో స్క్రూ తిప్పడం మొదలుపెట్టాను. ముందుది బుస్సుమంటోంది. వెనకది కొంచెం తక్కువ. ఇంకాస్త తిప్పాను. ఇంకాస్త. ఎక్కడ ఆపాలో నాకెప్పుడూ తెలిసేది కాదు, చాలని చెప్పేది అన్నయ్యే.